పిప్పి

రుస్తావిలో మా లిఫ్టు చిల్లర వేస్తేనే కదులుతుంది.
అందుకే చచ్చిన బ్యాటరీలు నా దగ్గరికి మెట్ల మీదుగా వస్తాయి,
రిమోట్లలోవి, కాలింగ్ బెల్లువి,
ఐదో అంతస్తు పిల్లాడి భౌభౌ కుక్క కడుపులోవి.
"పారేసేవేగా ఎతేరీ, నీకెందుకు?" అంటూనే
నా ఏప్రన్ జేబులో పోసి పోతారు.

పారేసేవి కావు.
మీటరు పెడితే సున్నా పాయింట్ ఏడు అంటుంది.
ఆ ఏడుకి గోడ గడియారం ఒప్పుకోదు. రిమోటు ఒప్పుకోదు.
మా నాన్న ద్రాక్ష తొక్కాక
పిప్పిని పారేయనిచ్చేవాడు కాదు.
మూతపెట్టి మగ్గబెట్టి, రాగి బానలో కాచి
చాచా దింపేవాడు.
ఒక్క చుక్క నాలుక మీద పడితే
చెవులు వెలిగేవి.

ఇరవై తొమ్మిదేళ్లు ఫ్యాక్టరీలో కాయిళ్లు చుట్టాను.
ఫ్యాక్టరీ మూసేశారు. వేళ్లు మూతపడలేదు.
పాత మానిటరు పగలగొట్టి తీసిన ఫెరైట్ రింగు,
నడిమ చిల్లున్న నల్ల గారె.
ఎర్రతీగ, పచ్చతీగ జంటగా పట్టుకుని
పదమూడు చుట్లు. లెక్క పెదాలకే తెలుసు.
దీని మొదలు, దాని కొస కలిపి బ్యాటరీకి.
మిగిలిన కొసలు ట్రాన్సిస్టర్‌కి,
నడుమ ఒక రెసిస్టర్, పెళ్లిమాటల మధ్యవర్తిలా.
అంతే. అరచేతిలో ఇమిడే తగాదా.
ఒక చుట్ట తెరువు అంటుంది,
ఇంకో చుట్ట నిండిపోయి మూయి అంటుంది,
తెరువు మూయి తెరువు మూయి
సెకనుకి యాభై వేలసార్లు.
మూసిన ప్రతిసారీ లోపలి విసురు
వేరే దారి లేక బల్బులోంచి దూకుతుంది.

మూడు వోల్టులు లేనిదే కన్ను తెరవని తెల్ల ఎల్ఈడీ
తెరిచింది.

నిజం చెప్పాలంటే అది వెలుగుతూ లేదు,
ఆరి వెలిగి ఆరుతోంది.
మన కన్ను మందకొడిది గనక
చీకటి లెక్కలోకి రాలేదు.

నాలుగో అంతస్తు బెకా ఫోన్లో ఏదో చూసి పరుగెత్తుకొచ్చాడు.
"ఊరికే వచ్చే కరెంటట కదా!"
"ఊరికే ఏదీ రాదు నాయనా. బ్యాటరీ పూర్తిగా చస్తోంది, అంతే.
కూర్చో. ఆ రింగు పట్టుకో. చుట్టు."
తొమ్మిదో చుట్టుకి తీగ తెంపాడు.

తొంభైల్లో చలికాలమంతా కరెంటు లేదు.
కిరోసిన్ దీపం ముందు నా కూతురు ఎక్కాలు రాసుకుని
నల్లటి ముక్కుతో నిద్రపోయేది.
అప్పుడు నాకీ సర్క్యూట్ తెలియదు.
ఇప్పుడు కరెంటు పోదు.
అయినా చుడతాను. ఎందుకో అడక్కండి.

గొడవల్లా కింద అంతస్తు ఇరోదితో.
నల్లసముద్రం అవతలి స్టేషనేదో
మీడియం వేవ్‌లో వెతుక్కుంటాడు రాత్రిళ్లు.
నా బల్బు వెలిగిందంటే అతని రేడియో కీచుమంటుంది.
వేడినీళ్ల పైపు మీద చెంచాతో
టక్ టక్ టక్,
ఆపవే మహాతల్లీ అని.

చివరికి బిస్కెట్ల డబ్బా తెచ్చాను.
సర్క్యూట్ లోపల, బల్బు తల బయటికి, డబ్బా నుంచి పైపుకి ఒక తీగ.
గోల ఆగిపోయింది. పైపు కూడా.

మూడో రాత్రి తలుపు చప్పుడు.
ఇరోది. ఆయాసం. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి మేజోడు.
"స్టేషన్ శుభ్రంగా వస్తోంది" అన్నాడు, ఫిర్యాదులా.
"మూడు రోజులు. పైన ఉన్నావో, పోయావో…"
గుమ్మం దాటలేదు. బల్బుని చూశాడు, వెళ్లాడు.

డబ్బా మూత కాస్త ఓరగా పెట్టాను.
కాసేపటికి పైపు మీద ఒక్కసారే,
టక్.

మీటరు ఇప్పుడు సున్నా పాయింట్ నాలుగు.
తెల్లారేదాకా ఉంటుందో లేదో.
ఇంకో చచ్చినదాన్ని వెతికి
చేతికందేలా పెట్టుకున్నాను.